క్రూజ్ బఫే: వంటతో పేచీ లేదు, గరిటెలతోనే

క్రూజ్‌కి వెళ్లొచ్చామని చెప్పగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న, బఫేలో ఎన్ని రకాలు పెడతారని. రకాలకు కొదవ ఉండదు. పొద్దున్న ఆమ్లెట్ కౌంటర్ మొదలుకుని రాత్రి పొద్దుపోయాక పిజ్జా దాకా ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. తిండి ఖర్చు టికెట్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి ఎంత తిన్నా అడిగేవాళ్లు లేరు. నేను మాత్రం ఇప్పుడు ఓడ ఎక్కగానే వేరేవి చూస్తాను: చేతులు కడుక్కునే బేసిన్లు ఎక్కడున్నాయి, వడ్డించే గరిటె ఎవరి చేతిలో ఉంది. మేం వెళ్లిన పెద్ద ఓడకీ, అంతకుముందు వెళ్లిన చిన్న పాత ఓడకీ గదుల్లో, షోల్లో పెద్ద తేడా కనిపించలేదు. బఫే దగ్గరే అసలు తేడా తెలిసింది.

పెద్ద ఓడలో బఫే హాలు పై డెక్ మీద, ఈతకొలను పక్కన. లోపలికి వెళ్లే దారిలోనే వరసగా బేసిన్లు, సబ్బు, కాగితం తువ్వాళ్లు. వాటిని తప్పించుకుని పోవాలంటే పనిగట్టుకుని పక్కకి తిరగాలి. గుమ్మం దగ్గర ఒకమ్మాయి "వాషీ వాషీ" అని పాడుతూ అందర్నీ బేసిన్ల వైపు మళ్లించేది. కాస్త అతిగా అనిపించినా పని మాత్రం జరిగేది. పిల్లలైతే పాట కోసం రెండోసారి కూడా కడుక్కునేవాళ్లు. చిన్న ఓడలో గుమ్మం పక్కన గోడకి ఒక శానిటైజర్ యంత్రం, అంతే. చెయ్యి పెడితే నాలుగు చుక్కలు పడేవి. జనం తూతూమంత్రంగా అరచేతులు రుద్దుకుని ప్లేటు అందుకునేవాళ్లు. సబ్బుతో కడుక్కోవాలంటే మెట్ల పక్కనున్న టాయిలెట్‌కి వెళ్లాలి, బయటికొచ్చేటప్పుడు ఆ తలుపు పిడి మళ్లీ పట్టుకోవాలి.

శానిటైజర్ ఉందిగా, ఇంకేం కావాలి అంటారా? ఓడల్లో వాంతులు, విరేచనాలు అంటించే జబ్బుల్లో ఎక్కువగా కనబడేది నోరోవైరస్. దీని మీద ఆల్కహాల్ శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బు రాసి, పారే నీళ్ల కింద కనీసం 20 సెకన్లు రుద్దితేనే చేతి మీంచి పోతుంది. మనిషిని మంచాన పడేయడానికి 100లోపు వైరస్ కణాలు చాలు. పైగా మెట్ల పక్క కడ్డీలు, లిఫ్ట్ బటన్లు, గరిటె పిడి లాంటి వాటి మీద రోజుల తరబడి బతికే ఉంటుంది. ఒంట్లోకి చేరాక 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో చాలామందికి తగ్గిపోతుంది. పసిపిల్లలకీ పెద్దవాళ్లకీ మాత్రం ఒంట్లో నీరు తగ్గిపోయి ప్రమాదం. మా అత్తగారు మాతో ఉన్నారు కాబట్టి నా టెన్షనంతా అదే.

అలాగని ఓడలంటే జబ్బుల పుట్ట అనుకోవడమూ సరికాదు. అమెరికాలో లెక్కకొచ్చే నోరోవైరస్ వ్యాప్తి ఘటనల్లో ఓడల వాటా 1 శాతమే అని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. కాకపోతే ఓడలో వేలమంది రోజుల తరబడి అవే కడ్డీలు, అవే గరిటెలు పట్టుకుంటారు. ఒకసారి మొదలైతే ఆపడం కష్టం. 2014 జనవరిలో 'ఎక్స్‌ప్లోరర్ ఆఫ్ ద సీస్' అనే ఓడలో 600 మందికి పైగా ప్రయాణికులు జబ్బుపడి, ప్రయాణం మధ్యలోనే ఆపి ఓడని వెనక్కి తిప్పాల్సొచ్చింది.

ఇక నా అసలు గొడవ, గరిటెలు. ప్రయాణికుల చేతుల మీదుగా వచ్చే ప్రమాదంతో పోలిస్తే కౌంటర్ వెనక జరిగే వంట నాకు భయం లేని సంగతి. వేడి పదార్థాల్ని 57 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా, చల్లటివాటిని 5 డిగ్రీలకి మించకుండా ఉంచాలని సీడీసీ నియమాలు. పెద్ద ఓడలో ఒకతను థర్మామీటర్ పట్టుకుని ట్రే తర్వాత ట్రేలో గుచ్చి కాగితం మీద రాసుకుంటూ తిరగడం చూశాను. ఈ జాగ్రత్తంతా ట్రేల ముందుండే గాజు తెరకి అవతల. ఇవతల మనం.

సలాడ్ల దగ్గర ఓసారి ఊరికే నిలబడి చూశాను. ఒకాయన టమాటా ముక్కలు వేసుకుని పటకారుని ట్రే అంచున కాకుండా ముక్కల మధ్యలోకే వదిలేశాడు. అది జారి పిడితో సహా లోపలికి మునిగింది. వెనకున్నావిడ రెండు వేళ్లతో దాన్ని బయటికి లాగి, అదే పటకారుతో వడ్డించుకుని, వేళ్లు నాకేసి పక్కనున్న చీజ్ ట్రే వైపు నడిచింది. ఇంకో పక్క బ్రెడ్ కౌంటర్లో ఓ పెద్దాయన బన్నులు ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నాడు. మెత్తగా ఉన్నది దొరికేదాకా నొక్కి, నచ్చనివి తిరిగి బుట్టలో పెట్టేస్తున్నాడు. గాజు తెర మొహం ఎత్తున ఉంటుంది, చేతికి దానితో పనేముంది? ఒక ఉద్యోగి చూసి, ఎవర్నీ ఏమీ అనకుండా బుట్ట మొత్తం తీసుకెళ్లి కొత్తది పెట్టాడు. ఆ ఒక్క పని చూసి ఓడకి సగం మార్కులు వేసేశాను. చిన్న ఓడలో ఇలాంటివి చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లు. ఎంగిలి ప్లేటుతోనే రెండోసారి వచ్చేవాళ్లని కూడా.

ఇంతకీ గుమ్మం దగ్గర ఎంత శుభ్రంగా కడుక్కున్నా, పటకారు పట్టుకున్న క్షణంలో ఆ కడగడం వృథా. అందరి చేతులూ పడ్డ పిడి పట్టుకుని, వచ్చి కూర్చుని, అదే చేత్తో బ్రెడ్ తుంచుకుని తింటాం. కాబట్టి మేం పెట్టుకున్న పద్ధతి ఇది: ఒకరు వెళ్లి టేబుల్‌లో అందరికీ వడ్డించుకొస్తారు, వాళ్లు ప్లేట్లు దించి మళ్లీ వెళ్లి చేతులు కడుక్కొచ్చి అప్పుడు తింటారు. మిగతావాళ్లు గరిటె ముట్టుకోరు. మొదట్లో మా ఆయన నవ్వారు, ఇదేం ఆచారం అని. తర్వాత తనే అందరికంటే గట్టిగా పట్టుకున్నారు.

ప్రయాణం సగంలో ఉండగా పెద్ద ఓడలో ఓ పొద్దున్న బఫే రూపే మారిపోయింది. కొంతమందికి కడుపులో బాగోలేదని కెప్టెన్ మైకులో చెప్పారు. టేబుళ్ల మీది ఉప్పు, మిరియాల డబ్బాలు మాయం. ప్రతి కౌంటర్ వెనక చేతి తొడుగులతో ఒక మనిషి. మనం వేలితో చూపిస్తే వాళ్లు వడ్డిస్తారు. కడ్డీల్ని, లిఫ్ట్ బటన్లని ఘాటైన మందుతో తుడుస్తూ సిబ్బంది తెల్లార్లూ తిరిగారు. క్యూ రెట్టింపైంది. ఇంత డబ్బు కట్టి కాఫీ కూడా మా చేత్తో పోసుకోకూడదా అని కొందరు ఆ సిబ్బంది మీద విరుచుకుపడ్డారు, పాపం వాళ్లేం చేస్తారు? నాకైతే మొత్తం ప్రయాణంలో నిశ్చింతగా బఫే తిన్నది ఆ తర్వాతే. మొదటి రోజు నుంచీ ఇలాగే పెట్టొచ్చు కదా అనిపించింది. కొన్ని ఓడల్లో మొదటి రెండు రోజులూ సిబ్బందే వడ్డిస్తారు. బుక్ చేసేముందు ఇది అడగడం మంచిది.

ఒంట్లో బాగోకపోతే ఓడ డాక్టరుకి చెప్పాలి. చెబితే లక్షణాలు తగ్గాక కనీసం ఒక రోజు దాకా గదిలోనే ఉండమంటారు. ఈ భయంతోనే చాలామంది దాచిపెట్టి బఫేకి వచ్చేస్తారు. మా పక్క టేబుల్‌లో ఒకాయన, రాత్రంతా వాంతులే, రేపు రేవులో దిగి ఊరు చూసే షోర్ టూర్ ఉంది, చెబితే వెళ్లనివ్వరు అని దర్జాగా చెప్పుకుంటుంటే ఒళ్లు మండింది. లేచి వేరే చోట కూర్చున్నాం.

బుక్ చేసేముందు చూసుకోగలిగింది ఇంకోటుంది. విదేశీ రేవుల మీదుగా అమెరికా రేవులకి వచ్చే ఓడల్ని సీడీసీ ముందు చెప్పకుండా తనిఖీ చేసి 100కి మార్కులు వేస్తుంది. 86 వస్తే పాస్, 85 వస్తే ఫెయిల్. ఓడ పేరుతో వెతికితే రిపోర్టు ఎవరైనా చదవొచ్చు. మార్కుల కంటే కింద రాసిన లోపాలు చదవండి. గోడ మీద పెచ్చు ఊడిందని రాస్తే నేను పట్టించుకోను. చేతులు కడిగే బేసిన్ దగ్గర సబ్బు లేదని, ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటం లేదని రాస్తే ఆగి ఆలోచిస్తాను. జబ్బుపడ్డామని చెప్పినవాళ్లు ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతానికి చేరితే ఆ వివరాలు కూడా అక్కడే పెడతారు. అమెరికా వైపు రాని ఓడలకి ఈ సదుపాయం లేదు. మేం ఎక్కిన చిన్న ఓడ అలాంటిదే.

తినే తీరు గురించి కూడా రెండు మాటలు. మొదటి రోజు మధ్యాహ్నం బఫేలో ఇసుక వేస్తే రాలనంత జనం. గదులు ఇంకా ఇవ్వరు, అందరూ సామాను సంచులతో అక్కడికే వస్తారు. ఓడ రేవులో ఆగని రోజు మధ్యాహ్నాలూ అంతే. ప్లేట్లో కొండలా పోసుకుని సగం వదిలేసి లేచిపోవడం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అలా వదిలేసింది ఏమవుతుందో చాలామందికి తెలియదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం కరీబియన్, మధ్యధరా లాంటి ప్రత్యేక సముద్రాల్లోనైతే తిండి వ్యర్థాల్ని 25 మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడలోంచి జారేంత చిన్నగా నలగ్గొట్టి, తీరానికి కనీసం 12 నాటికల్ మైళ్ల అవతలే వదలాలి. దానికోసం ఓడ కింది భాగంలో ప్రత్యేకంగా యంత్రాలు, మనుషులు. కొంచెం కొంచెం తెచ్చుకుని, మళ్లీ వెళ్లేటప్పుడు కొత్త ప్లేటు తీసుకుంటే సరిపోయేదానికి.

డైనింగ్ హాల్ సంగతికొస్తే, అదనపు ఖర్చు లేకుండా టేబుల్ దగ్గరికే తెచ్చి వడ్డిస్తారు. టైమ్ ఎక్కువ పడుతుంది, రకాలు తక్కువ. ఆ నిదానం మా అత్తగారికి బాగా నచ్చింది. వెయిటర్ రెండో రోజుకే ఆవిడకి కారం పడదని గుర్తు పెట్టుకున్నాడు. పొద్దున్న పూట డైనింగ్ హాల్లో సగం కుర్చీలు ఖాళీగానే ఉండేవి, అదే సమయంలో పై డెక్ మీద ఆమ్లెట్ క్యూ మెట్ల దాకా. గదికి తెప్పించుకునే టిఫిన్ చల్లారిపోయి వచ్చేది, దానికంటే కిందికి దిగి తినడమే నయం.

మళ్లీ వెళ్తే పెద్ద ఓడకే నా ఓటు. ఉదయం, రాత్రి డైనింగ్ హాల్, మధ్యాహ్నం మాత్రం జనం రాకముందు, ట్రేలు అప్పుడే మార్చినప్పుడు బఫే. ఐస్‌క్రీమ్ యంత్రం మీట మాత్రం ఆ ఓడలోనైనా ముట్టుకోను. పిల్లలు దాన్ని లాగే తీరు ఒకసారి చూస్తే ఎవరూ ముట్టుకోరు. అక్కడున్న కుర్రాణ్ణి అడిగితే తనే పట్టి ఇస్తాడు.