రెండంగుళాలు లేపిన ట్రక్కుకు ఏ సైజు టైరు? రెండు సెట్లు వాడాక నా మాట

మాది ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్ ట్రక్కు, 2017 మోడల్. మన శ్రీసిటీలో తయారైన బండి. ఇల్లు విజయవాడ పటమటలో, పొలం తాడికొండ అవతల. వారానికి రెండుసార్లు వారధి దాటి వెళ్ళి రావాలి. మిరప కోతల రోజుల్లో వెనక నాలుగైదు టిక్కీలు (మిరప బస్తాలు) వేసుకుని గుంటూరు యార్డుకు కూడా పోతుంటాను. అంటే ముప్పాతిక వంతు తారురోడ్డు, పావు వంతు నల్లరేగడి. ఈ లెక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, టైరు కొన్న రోజున నేను దీన్ని పూర్తిగా మర్చిపోయాను.

2019 డిసెంబరులో ముందు స్ప్రింగులు మార్పించి, వెనక కమాను కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించి బండిని రెండంగుళాలు లేపించాను. కంపెనీ టైర్లు 245/70 ఆర్16. లేపాక వాటి మీద బోలెడంత ఖాళీ. "పొడుగు మనిషి పొట్టి పంచె కట్టినట్టుంది బావా" అన్నాడు మా బావమరిది. ఆ ఒక్క మాటకి జేబు ఖాళీ అయింది. ఆ ఖాళీలో పట్టే పెద్ద సైజు ఏదని అడిగితే ఆటోనగర్‌లో ముగ్గురూ ఒకటే చెప్పారు, 265/75 ఆర్16. వేయించేశాను. బండి నిజంగానే పులిలా కనపడింది. అబద్ధం ఎందుకు, మొదటి నెలంతా పార్కింగులో పెట్టి వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచాను.

ఇక లెక్కలోకి వద్దాం. టైరు మీది అంకెల్లో మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది, ఆ వెడల్పులో ఎన్నో వంతు పక్కగోడ ఎత్తో చెప్పే శాతం. చివరిది డిస్కు, అంటే టైరు ఎక్కించే చక్రం, ఎన్ని అంగుళాలో. 245లో 70 శాతం 171.5. పైన ఒకటి, కింద ఒకటి కలిపి 343. దానికి 16 అంగుళాల డిస్కు 406.4 కలిపితే మొత్తం ఎత్తు 749 మి.మీ. ఇదే లెక్కన 265/75 ఎత్తు 804. అంటే ఏడు శాతం పైన పెరిగింది. వినడానికి ఏడే, కానీ ప్రతి గేరూ ఆ మేరకు బరువెక్కినట్టే. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఐదో గేరులో హాయిగా పోయే బండి నాలుగు అడగడం మొదలుపెట్టింది.

లిఫ్ట్ (బండిని ఇలా లేపడం) గురించి నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఇంకొకటుంది. స్ప్రింగులు, పట్టీలు లేపేది బాడీని, ఛాసిస్‌ని. వెనక ఇరుసు మధ్యలో, రెండు చక్రాలకూ శక్తి పంచే డిఫరెన్షియల్ గుండు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పొలం గట్టుకో, బండి జాడల మధ్య మిట్టకో తగిలేది ఆ గుండే. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగం. అంటే 55 మి.మీ. పెద్ద టైరు వేస్తే నాకు దక్కింది 27. ఒక్క అంగుళం. ఆ అంగుళానికి ఏమేం కట్టానో చెబుతా.

మొదట స్టీరింగు. పూర్తిగా తిప్పి రివర్సు చేస్తే ముందు చక్రం వెనకవైపు మడ్ ఫ్లాపుని గర్రుమని రాకేది. లిఫ్ట్ ఉంది కదా, ఎందుకు తగలాలి అనుకున్నా. మా టైర్ల భాయ్ సుద్దముక్క తీసుకుని టైరు భుజం చుట్టూ తెల్లగా పూసి, స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పించాడు. తర్వాత లోపల చెయ్యి పెట్టి చూపించాడు. పైన ఎక్కడా సుద్ద లేదు. మడ్ ఫ్లాపు మీద, లోపలి ప్లాస్టిక్ లైనరు వెనక అంచు మీద తెల్లటి గీతలు. "సార్, లిఫ్ట్ పైన జాగా ఇస్తుంది. తిప్పేటప్పుడు కావాల్సింది వెనక జాగా, అది ఇవ్వదు" అన్నాడు. టైరు కొనకముందు చేయాల్సిన పరీక్ష ఇది, కొన్నాక చేశాం. ఒక చక్రం దిమ్మె మీదకి ఎక్కించి కూడా తిప్పి చూడాలి. లైనరు కొంచెం కోసి, ఫ్లాపు వెనక్కి వంచి సర్దాం. అలైన్‌మెంటు మాత్రం లిఫ్ట్ అయిన వెంటనే చేయించకపోవడం నా బుద్ధి తక్కువ. రెండు వేల కిలోమీటర్లకే ముందు టైర్ల లోపలి అంచు చేతికి రంపంలా తగిలింది.

తర్వాత బరువు. నేను కొన్నవి ఎల్‌టీ రకం, అంటే లైట్ ట్రక్కు టైర్లు. పక్కన 123/120 అని ఉంది. ఒంటిగా వేస్తే టైరుకు 1550 కిలోలు, జంటగా వేస్తే ఒక్కోదానికి 1400 మోయగలవని అర్థం. నాలుగు టిక్కీలు వేసే నాకు అంత మోత ఎందుకు? మిరపకాయలు తూచే కాటా మీద పెట్టి చూశాను. పాత కంపెనీ టైరు డిస్కు లేకుండా 14 కిలోలు. కొత్తది 22 దాటింది. చక్రానికి ఎనిమిది కిలోలు తిరుగుతుంటే బ్రేకు తొక్కినప్పుడు కాలికి తెలుస్తుంది. పైగా ఆ గట్టి గోడలకు గాలి ఎంత పట్టాలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మళ్ళీ సుద్దే దిక్కయింది. టైరు నేలను తాకే భాగం మీద అడ్డంగా ఒక గీత గీసి, చదునైన రోడ్డు మీద కొద్ది దూరం నడిపి దిగి చూడాలి. మధ్యలో చెరిగి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువ. అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. ఖాళీ బండికి వెనక 40 పీఎస్ఐ గాలి పెడితే గీత మధ్యలోనే చెరిగింది. 34కి దించాక సమంగా పోయింది. ఈ పరీక్ష పొద్దున్నే, టైరు చల్లగా ఉండగా చెయ్యాలి. మే నెల మధ్యాహ్నం బెజవాడ రోడ్డు మీద చూసిన గాలి లెక్కకు విలువ లేదు.

మైలేజీ దగ్గర చాలామంది మోసపోతారు. పెద్ద టైరు ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు అది తెలియదు. పాత టైర్లతో మీటరు 80 చూపితే ఫోన్లో జీపీఎస్ 76 చూపేది. 265/75తో అదే 80కి 81 దాటింది. స్పీడు కెమెరా ఉన్నచోట ఇది గుర్తుండాలి. మైలేజీ మీటరు ప్రకారం లీటరుకు 12.2 కిలోమీటర్ల నుంచి 10.1కి పడిపోయింది. ఏడు శాతం కలిపితే అసలు 10.8. అయినా నష్టం నష్టమే.

ఇన్నీ భరించాను. నన్ను విసిగించింది ఒక పత్తి మోడు. 2022లో పక్క చేలోంచి తిప్పుతుంటే కోసిన పత్తి మోడు వెనక టైరు పక్కగోడలోకి దిగింది. పక్కగోడకు పంక్చరు వేయరు, టైరు మార్చాల్సిందే. ఆ సైజు, ఆ రకం ఒక్క టైరు ఇక్కడ దొరకలేదు. ఒక షాపువాళ్ళు రేపు రేపంటూ పదకొండు రోజులు తిప్పారు. స్టెప్నీ చూస్తే పాత 245/70. పెద్ద టైరు బండి కింద స్టెప్నీ జాగాలో పట్టక అదే ఉంచేశా. వెనక ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటే డిఫరెన్షియల్ నిలకడ లేకుండా తిరుగుతూనే ఉంటుంది. అందుకని మంచి పెద్ద టైరు వెనక్కి మార్చి, స్టెప్నీని ముందు వేసి నడిపాను. నాలుగూ ఒక ఎత్తు లేనప్పుడు ఫోర్ వీల్ వేస్తే గేర్‌బాక్సు మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి అది ముట్టుకోలేదు. సరిగ్గా ఆ వారమే వాన. పొలం దారిలో దిగబడి ట్రాక్టరుతో లాగించుకున్నాను. లాగిన కుర్రాడు టైరు చూసి, "ఇంత వెడల్పెందుకు బాబాయ్, రేగడిలో ఇది మట్టి పట్టుకుంటది గానీ కిందకి కోసుకోదు" అన్నాడు. నిజం. మా నేలలో పైన జిగురు, కింద గట్టి. సన్నగా ఉండి దిగి ఆ గట్టిని పట్టుకునే టైరు కావాలి.

2023 మొదట్లో 245/75 ఆర్16కి మారాను. పాత వెడల్పే, ఎత్తు 774. కంపెనీ టైరు కంటే మూడు శాతం చిల్లర ఎక్కువ, గుండుకు 12 మి.మీ. లాభం. వెడల్పు మారలేదు కాబట్టి డిస్కు మార్చే పని లేదు, ఫ్లాపు రాకడం పోయింది, స్టెప్నీ కూడా అదే సైజు కింద పట్టింది. అన్నిటికంటే మేలు, 2020లో వచ్చిన థార్‌లో 16 అంగుళాల డిస్కు రకానికి ఇదే సైజు. అందుకే ఇక్కడే దొరుకుతుంది. ఈసారి ఎల్‌టీ కాకుండా మామూలు ఏటీ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్) రకం తీసుకున్నా, కాటా మీద 17 కిలోలు. 46,000 కిలోమీటర్లు తిరిగాయి. సవరించిన మైలేజీ 11.5 దగ్గర ఉంది. 80 కిలోమీటర్ల వేగంలో కొంచెం గుయ్ మనడం తప్ప ఫిర్యాదు లేదు. అందం తగ్గిందా అంటే తగ్గింది. బావమరిది ఇప్పటికీ గుర్తు చేస్తాడు.

బుడమేరు వరద అప్పుడు, 2024 సెప్టెంబరులో, సింగ్‌నగర్‌కి పాల ప్యాకెట్లు తీసుకెళ్ళబోయాను. లేపిన బండి కదా అని ధైర్యం. నడుము దాటిన నీళ్ళు చూసి ఫ్లైఓవర్ మీదే ఆపి ట్రాక్టరులోకి మార్చాం. ఆ లోతుకు పనికొచ్చే టైరు సైజు లేదు.

చట్టం సంగతి నేను లిఫ్ట్ చేయించాక చదివాను, మీరు ముందే చదవండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బీమావాళ్ళకు క్లెయిము రోజున చెప్పుకునే బదులు ముందే అడగడం నయం.

ప్రస్తుతం బొడిపెల లోతు ఐదు మిల్లీమీటర్లుంది. ఇంకో వానాకాలం లాగుతాయి. ఆ తర్వాత మళ్ళీ 245/75 అని భాయ్‌కి ఇప్పుడే చెప్పి ఉంచాను. టైరు పక్కన తయారీ వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు చూసి, ఆరు నెలల లోపువి వస్తేనే ఫోన్ చెయ్యమన్నాను.