లాన్‌లో బోడి మచ్చలు: గింజ చల్లాలా, పలక పరచాలా, కుదురు నాటాలా?

పచ్చిక మధ్యలో మట్టి బయటపడగానే చాలామంది చేసే మొదటి పని గింజల ప్యాకెట్ కొనడం. కొనేముందు మీ లాన్‌లో ఉన్నది ఏ గడ్డో చూడండి. గింజ, పలక (మట్టితో సహా కోసి తెచ్చే గడ్డి చాప), కుదురు (వేళ్లతో తీసిన చిన్న గడ్డి ముక్క), వీటిలో ఏది మేలన్న ప్రశ్న సగం అక్కడే తేలిపోతుంది.

గరిక, జోయ్సియా లాంటివి పాకే రకాలు. తీగ సాగుతుంది, కణుపు కణుపుకీ వేరు దిగుతుంది, ఖాళీ జాగాను అవే కమ్ముకుంటాయి. రై గడ్డి, టాల్ ఫెస్క్యూ లాంటివి ఉన్నచోటే గుబురుగా పిలకలేస్తాయి గానీ పక్కకి పెద్దగా పాకవు. ఈ గుబురు రకాలకు గింజ చల్లడమే సరైన దారి. ఎండ తీవ్రత తగ్గి, నేలలో ఇంకా వెచ్చదనం మిగిలి ఉండగా చల్లితే బాగా అందుకుంటాయి.

గింజతో ఖర్చు తక్కువ, కాపలా ఎక్కువ. పైపైన మట్టి గీరి, చల్లి, అర సెంటీమీటరుకు మించకుండా మట్టి కప్పి, కాలితో అదమాలి. గింజకు మట్టి అంటుకోకపోతే మొలక రాదు. తర్వాత రోజుకు రెండు మూడుసార్లు పలచగా తడపాలి. మొలకెత్తిన గింజ ఒక్కసారి ఎండిందంటే ఇక లేవదు. చాలామంది పొరబడేది మిశ్రమం ప్యాకెట్లతో. అందులోని రై వారం, పది రోజుల్లో పచ్చగా కనిపిస్తుంది, పని అయిపోయిందనుకుని నీళ్లు ఆపేస్తారు. అదే ప్యాకెట్‌లోని కెంటకీ బ్లూగ్రాస్‌కు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అది అప్పటికింకా మట్టిలోనే ఉంటుంది పాపం! ఇంకో సంగతి: కలుపు మొలవకుండా ముందుగా మందు వేసి ఉంటే, అది మీ గడ్డి గింజనూ మొలవనివ్వదు. డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా ఆగాల్సిందే.

మీది పాకే గడ్డి అయితే నా ఓటు కుదుళ్లకే. ఎవరికీ కనబడని ఓ మూల నుంచి వేళ్లతో, మట్టితో సహా అయిదు సెంటీమీటర్ల ముక్కలు తీసి, బోడి మచ్చలో జానెడు ఎడంగా నాటి, గట్టిగా నొక్కి తడపండి. పైసా ఖర్చు లేదు. అన్నిటికంటే ముఖ్యం, అదే గడ్డి కాబట్టి రంగు, ఆకు సన్నదనం చక్కగా కలిసిపోతాయి. టిఫ్‌వే లాంటి హైబ్రిడ్ గరికకు మొలిచే గింజే ఉండదు. దాని మధ్య మామూలు గరిక గింజ చల్లితే మచ్చ పోతుంది గానీ, వేరే రంగు అతుకు శాశ్వతంగా ఉండిపోతుంది. కుదుళ్లు నిండడానికి మాత్రం ఓపిక కావాలి. గడ్డి జోరుగా పెరిగే కాలంలో గరిక త్వరగానే కమ్ముతుంది, జోయ్సియా చాలా నెమ్మది.

పలకలు ఆ రోజే పచ్చగా కనిపిస్తాయి. ఏటవాలు నేలలో వానకి గింజలు కొట్టుకుపోతాయి కాబట్టి అక్కడ పలకలే నయం. తెచ్చిన రోజే పరచాలి. చుట్టి ఉంచితే లోపల వేడెక్కి పసుపు పచ్చగా మారుతుంది. పలక మందమంత మట్టి ముందే తీసేయండి, లేకపోతే అతుకు ఎత్తుగా నిలిచి కోత మిషన్‌కు చిక్కుతుంది. రెండు వారాలయ్యాక ఓ మూల పట్టుకుని మెల్లగా లాగండి. లేవకపోతే వేళ్లు దిగినట్టే.

ఏ దారి ఎంచుకున్నా, మచ్చ ఎందుకు పడిందో చూడకుండా మొదలుపెట్టకండి. తడి నేలలో కూడా స్క్రూడ్రైవర్ దిగకపోతే మట్టి బిగుసుకుపోయిందని అర్థం. ముందు గుల్ల చేయండి. కుక్క ఒకేచోట మూత్రం పోస్తుంటే అక్కడ నీళ్లు బాగా పారించి మూత్రంలోని ఉప్పు కడగాలి. చెట్టు నీడ చిక్కగా ఉన్నచోట గరికను ఏ రూపంలో తెచ్చినా మళ్లీ పలచబడుతుంది. కొమ్మలు కొట్టి వెలుతురు దింపడమో, ఆ కాస్త జాగాలో నీడ మొక్కలు పెట్టడమో చేయండి.