ఎనిమిది నెలలు మట్టిలో ఉన్నా కరగని ‘కంపోస్ట్’ గ్లాసు

ఇంట్లో చిన్న ఫంక్షన్ ఉంటే, ప్లాస్టిక్ ఎందుకులే అని యాభై గ్లాసుల ప్యాకెట్ ఒకటి తెప్పించాను. పైన పచ్చటి ఆకు బొమ్మ, ‘మొక్కల నుంచి తయారైంది, మట్టిలో కలిసిపోతుంది’ అని పెద్ద అక్షరాలు.

చూడ్డానికి బాగున్నాయి, కాదనను. గాజులా తళతళలాడతాయి. చల్లటి నీళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఎవరో వేడినీళ్లు అడిగితే ఇందులోనే పోసిచ్చాను. అందుకునేలోపే గ్లాసు నడుం వంగింది, నీళ్లన్నీ నా కాళ్ల మీద! ఇది పీఎల్ఏ అనే ప్లాస్టిక్. మొక్కజొన్న, చెరకు లాంటి పంటల నుంచి చేస్తారు. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది.

సరే, మట్టిలో కలుస్తుంది కదా అని ఒకటి పూలకుండీలో పాతిపెట్టాను. ఎనిమిది నెలల తర్వాత కుండీ మారుస్తుంటే వేళ్ల మధ్యలోంచి బయటపడింది. కడిగితే కొత్తదానిలా ఉంది. ఆకు బొమ్మ కూడా చెరగలేదు. అప్పుడు ప్యాకెట్ అడుగున ఉన్న చీమతలకాయంత అక్షరాలను ఫోన్‌తో ఫొటో తీసి పెద్దవి చేసి చదివాను: ‘పారిశ్రామిక కంపోస్ట్ కేంద్రాల్లో మాత్రమే’. అంటే దాదాపు 60 డిగ్రీల వేడి, తగినంత తేమ వారాల తరబడి ఉండాలి. నా కుండీలో అంత వేడుంటే ముందు మొక్కే చచ్చేది.

ఆ చిరాకులోనే కూర్చుని ప్లాస్టిక్ ఎలా తయారవుతుందో చదివాను. ప్లాస్టిక్ అంటే నాకు ఇన్నాళ్లూ కాలువలో అడ్డుపడే చెత్తే. కానీ మామూలు ప్లాస్టిక్‌కు ముడిసరుకైన ఇథిలీన్ వాయువు కావాలంటే, ముడి చమురు నుంచి తీసిన నాఫ్తా అనే ద్రవం లాంటివాటిని 800 డిగ్రీలు దాటిన వేడిలో విడగొట్టాలట. ఓఈసీడీ అనే దేశాల కూటమి లెక్కలో 2019లో ప్లాస్టిక్ వల్ల వెలువడిన, భూమిని వేడెక్కించే వాయువులు 180 కోట్ల టన్నులు, ప్రపంచం మొత్తంలో 3.4 శాతం. అందులో 90 శాతం తయారీలోనే! చెత్తబుట్ట దాకా వచ్చేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయిందన్నమాట. ఈ గ్లాసులకు చమురు బదులు మొక్కజొన్న వాడి ఉండొచ్చు. దానికీ ఎరువు కావాలి, ట్రాక్టర్‌కు డీజిల్ కావాలి, ఫ్యాక్టరీకి కరెంటు కావాలి. ఇంతా చేసి నీళ్లు తాగింది పది నిమిషాలు.

రెండు స్టార్లు. అటక మీది స్టీలు గ్లాసులు కిందికి దించాను. మిగిలిన పద్దెనిమిదింటికి అడుగున కాల్చిన సూదితో చిల్లులు పెట్టి నారు పోశాను. మట్టిలో కరగవు కాబట్టి ఆ పనికి మాత్రం భేషుగ్గా ఉన్నాయి.