కుంకుడుకాయ, ఉతుకుడు బండ, దండెం: నాలుగేళ్ళు వాడాక నా మాట

2021 ఎండాకాలంలో మా వాషింగ్ మిషన్‌లో ఉతికే వైపు మోటారు కాలిపోయింది. పిండే వైపు మాత్రం బాగానే తిరుగుతోంది. మోటారు మార్చడానికి అడిగిన డబ్బు వింటే గుండె గుభేల్‌మంది. ఆ నెల పిల్లల ఫీజులున్నాయి. "రెండు నెలలు చేత్తో ఉతుకుదాంలే అమ్మాయ్, బండ ఉందిగా" అన్నారు అత్తయ్య. ఆ రెండు నెలలు నాలుగేళ్ళయ్యాయి. చాలామంది నన్ను అడుగుతుంటారు, నిజంగా డబ్బు మిగులుతుందా, లేక ఒళ్ళు హూనం చేసుకోవడమేనా అని. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు మా నీళ్ళ సంగతి చెప్పాలి. మాది ఒంగోలు శివార్లలో ఇల్లు, అన్నిటికీ బోరు నీళ్ళే. కందిపప్పు ఉడకని నీళ్ళవి. సబ్బు రుద్దితే నురగకు బదులు బకెట్ అంచున తెల్లటి తెట్టె కడుతుంది. నీళ్ళలోని సున్నం సబ్బుతో కలిసి గడ్డకట్టడమే ఆ తెట్టె. అదే బట్టల్లో మిగిలి తువ్వాళ్ళు అట్టల్లా బిరుసెక్కేవి. అవి మెత్తబడాలని ఇంకో సీసా ద్రవం కొనేదాన్ని. చేత్తో ఉతకడం మొదలయ్యాక సబ్బుకు బదులు కుంకుడు రసం పట్టాను, అది ఇలాంటి ఉప్పునీళ్ళలో కూడా తెట్టె కట్టదు. అందులో నురగనిచ్చే సపోనిన్ సబ్బులాగా సున్నానికి చిక్కేది కాదు. మొదటి నెలలోనే తువ్వాళ్ళు మెత్తబడ్డాయి, ఆ సీసా కొనడం మానేశాను.

రసం తీయడం అత్తయ్య దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ నేర్చుకున్నది కందుకూరు వైపు వాళ్ళ ఊళ్ళో రేవులో ఊరివాళ్ళ బట్టలు ఉతికిన పెద్దమ్మ దగ్గర. బట్టల గురించి ఆ కుటుంబాలకు తెలిసినంత ఏ సబ్బు డబ్బా మీదా రాసి ఉండదు. కాయను బండ మీద పెట్టి రోకలితో ఒక్క దెబ్బ వేయాలి, తొక్క చిట్లాలి కానీ గింజ పగలకూడదు. నల్లగింజ తీసేసి, పాతిక కాయల తొక్కలు రాత్రి వేడినీళ్ళలో వేసి మూతపెడితే తెల్లారేసరికి తేనెరంగు రసం దిగుతుంది. చేత్తో పిసికి, పాత పంచెగుడ్డలో వడకట్టాలి. అది మాకు ఒక బకెట్ బట్టలకు సరిపోతుంది. మిగిలిన పిప్పిని పారేయను, గిన్నెలు తోముకుంటాను. రసం మాత్రం రెండో రోజుకే పులుస్తుంది, మూడో రోజుకు వాసనేస్తుంది. అందుకని ఏ పూటకాపూట తీసుకోవడమే మేలు. కంట్లో పడితే మంట భరించలేం, పసిపిల్లలున్న ఇంట్లో గిన్నె అందేచోట ఉంచొద్దు.

ఇక పసుపు మరక. ఈ ఒక్కదాని కోసమైనా కుంకుడుకాయ ఇంట్లో ఉండాలంటాను. మా చిన్నవాడి తెల్ల చొక్కా మీద పప్పుచారు ఒలికింది. నేను గబగబా సబ్బు రుద్దాను. పచ్చటి మరక కళ్ళముందే ఎర్రగా మారిపోయింది. దిష్టి తీయడానికి పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళవుతాయి కదా, సబ్బులో క్షారం తగిలినా పసుపు అదే పని చేస్తుంది. అత్తయ్య చొక్కా నా చేతిలోంచి తీసుకుని, మంచినీళ్ళలో రెండుసార్లు జాడించి, కుంకుడు రసం పట్టించి, పిండకుండా తడితడిగానే డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పరిచారు. మధ్యలో రెండుసార్లు వెళ్ళి నీళ్ళు చిలకరించి వచ్చాను. మొదటి గంటకు ఎరుపు పోయి లేతపసుపు మిగిలింది. సాయంత్రానికి వేలు పెట్టి వెతికినా ఎక్కడ పడిందో తెలియలేదు. పసుపు రంగును విరగ్గొట్టేది ఎండే. కుంకుడు నూనెజిడ్డును వదిలిస్తుంది, మిగతా పని సూర్యుడిది. ఆ చొక్కా ఇప్పటికీ వాడుతున్నాం.

పట్టుచీరలకు, మెత్తని నూలు చీరలకు, పసిపిల్లల గుడ్డలకు ఇంతకు మించింది నాకు దొరకలేదు. నా పెళ్ళిచీరను ఇంతకుముందు బయట ఉతకడానికి ఇస్తే జరీ నల్లబడి వచ్చింది. ఇప్పుడు ఇంట్లోనే చన్నీళ్ళలో పది కాయల రసంతో, రుద్దకుండా ముంచి తీసి, నీడన ఆరేస్తున్నాను.

తెల్లబట్టలకు మాత్రం కుంకుడు ఒక్కటే చాలదు. నాలుగైదు ఉతుకుల తర్వాత మావారి తెల్ల పంచెలు గోధుమరంగు తిరిగాయి. వాటికి సబ్బుబిళ్ళే వాడుతున్నాను, చివరి నీళ్ళలో రెండు చుక్కల నీలిమందు, ఆపైన ఎండ. మావారు పనిచేసేది లారీల షెడ్డులో, ఆ గ్రీజుకు కుంకుడు అసలు సరిపోదు. బట్టల సోడా కలిపిన వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టి బ్రష్‌తో రుద్దాల్సిందే.

సోడా అన్నాను కాబట్టి ఇంకో మాట. మా పెరట్లో మూడు అరటిచెట్లు, ఒక చిక్కుడు పాదు, గోంగూర మడి ఉన్నాయి. బట్టలు జాడించిన నీళ్ళు అరటి పాదుల్లోకి వెళ్ళేలా కాలువ తీశాం. మొదటి ఏడాది సోడానీళ్ళు కూడా అందులోకే వదిలాను. ఆరు నెలలకు పాదు మీద తెల్లగా పొక్కు తేలింది, నేల గట్టిపడి నీళ్ళు ఇంకడం మానేశాయి. అత్తయ్య చూసి "చౌడు చేశావు కదే నేలని" అన్నారు. పూర్వం రేవుల్లో బట్టలు ఉబ్బబెట్టడానికి, అంటే ఆవిరికి ఉడికించడానికి, చౌడు నేలల మీద తేలిన మన్నే తెచ్చేవాళ్ళట. అందులో ఉన్నదీ సోడాయే. దాన్ని చేజేతులా మంచి నేలకు పోస్తే ఇంకేమవుతుంది! పాదులో మన్ను తీసి మార్చాం, పశువుల ఎరువు వేశాం. అప్పటినుంచి సోడానీళ్ళు తూములోకి, కుంకుడు నీళ్ళు అరటికి. ఆకుకూరలకు మాత్రం బియ్యం కడిగిన నీళ్ళే. కుంకుడు నీళ్ళయినా సరే, చేపలున్న కుంటలోకి వదలకూడదు, ఆ రసం చేపలకు విషం.

చిక్కుడు పాదుకు నల్లటి పేనుబంక పడితే కుంకుడు రసం బాగా పలుచన చేసి సాయంత్రం పూట చల్లుతాను, మర్నాడు మంచినీళ్ళతో కడిగేస్తాను. ఒకసారి చిక్కటి రసం మిట్టమధ్యాహ్నం చల్లితే ఆకులు మాడాయి.

గంజి గురించి. కుక్కర్ వచ్చాక మా ఇంట్లో గంజే లేదు. ఇప్పుడు ఆదివారం అన్నం వార్చుతున్నాను. పలుచటి గంజి వడకట్టి నూలు చీరకు పెట్టి, తడి ఉండగానే ఇద్దరం చెరోవైపు పట్టుకుని లాగి ఆరేస్తే ఇస్త్రీ పెద్దగా అక్కర్లేదు. గంజి పెట్టిన బట్టల్ని నెలల తరబడి బీరువాలో దాచొద్దు, పురుగు పడుతుంది.

డబ్బు లెక్క. ఐదుగురం ఉండే ఇంట్లో పౌడరు, ద్రవం, సబ్బులు కలిపి నెలకు ఆరువందల పైనే అయ్యేది. ఇప్పుడు కుంకుడుకాయలు, సబ్బుబిళ్ళ, సోడా, నీలిమందు కలిపి మూడువందలు దాటడం లేదు. కరెంటు బిల్లులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు, ఎవరైనా అందులో చాలా మిగులుతుందంటే నమ్మకండి. అసలు మిగులు ఇంకోచోట ఉంది. బట్ట నిలుస్తోంది. పెద్దవాడి యూనిఫాం ఏడాదికి రెండు జతలు కొనేదాన్ని, ఇప్పుడు వాడిది రెండేళ్ళు ఆగి చిన్నవాడికి వస్తోంది. నా నూలు చీరల రంగు దిగడం లేదు, ఎండలో వేసేటప్పుడు లోపలివైపు పైకి తిప్పి వేస్తాను. ఇంకో అలవాటు కూడా మారింది. చేత్తో ఉతకాల్సి వచ్చేసరికి ఒక్కపూట కట్టి విడిచిన మంచి చీరను గాలికి ఆరేసి మళ్ళీ కడుతున్నాం. లోపలి బట్టలు, చెమట చొక్కాలు ఏ రోజువి ఆ రోజే.

ఒంటికి కష్టం లేదని చెప్పను. మొదటి ఏడాది నడుం పట్టేసింది. దుప్పట్లు, జీన్స్ ప్యాంట్లు తడిస్తే ఎత్తలేం. బండ కింద ఇటుకలు పేర్చి నడుము ఎత్తుకు పెంచాక సగం నొప్పి తగ్గింది. బరువైనవన్నీ ఆ పాత మిషన్‌లోనే పిండుతున్నాం, తుఫాను రోజుల్లో అదే ఆదుకుంటోంది. దుప్పట్లు ఉతికేది మావారు, దండెం మీద వేసేది పిల్లలు. ఈ పనంతా ఇంట్లో ఒక్క ఆడమనిషి నెత్తిన పడేటట్టయితే మొదలుపెట్టొద్దనే చెబుతాను, మిషన్ బాగుచేయించుకోండి.

కాయ కొనేటప్పుడు ఒకటి తీసి చెవి దగ్గర ఊపండి. లోపల గింజ గలగలమంటే బాగా ఎండినట్టు. చప్పుడు లేకుండా మెత్తగా ఉంటే వారంలో బూజు పడుతుంది. పొడి మీకు మీరే కొట్టుకోండి, నేను బజార్లో కొన్న పొడిలో సగం గింజే.