కేరళ ప్యాకేజీకి బ్యాలెన్స్ కట్టేముందు ఇది చదవండి

వేసవి సెలవులకి కేరళ ప్యాకేజీ చూస్తున్నారా? ముఖ్యంగా కొచ్చి, మున్నార్, అలెప్పీ, కోవళం అన్నీ కలిపి తక్కువ రేటుకే ఇస్తామని ఫోన్‌లో చెప్పే ఏజెంట్‌కి డబ్బు పంపబోతుంటే కాస్త ఆగండి. మేం ఫిబ్రవరిలో మా అత్తయ్య, మామయ్యలతో కలిసి వెళ్లొచ్చాం. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి ఏజెంట్ పేరు రాయడం లేదు. అయినా పేరుకన్నా వాళ్ల పద్ధతి తెలుసుకోవడమే మీకు పనికొస్తుంది.

మున్నార్‌లో టీ తోటల మధ్య హోటల్ అని ఫొటోలు పంపారు. వోచర్‌లో ఆ హోటల్ పేరు పక్కనే చిన్న అక్షరాల్లో 'ఆర్ సిమిలర్', అంటే 'లేదా అలాంటిదే ఇంకోటి' అని ఉంది. తీరా మమ్మల్ని దింపింది అడిమాలి దగ్గర. అక్కణ్ణుంచి మున్నార్ ఇంకా 30 కిలోమీటర్లు, అదంతా ఘాట్ రోడ్డే. కిటికీ తీస్తే రాత్రంతా బస్సుల హారన్లు. మోకాళ్ల నొప్పులున్న మామయ్యని రోజూ ఆ మలుపుల్లో కారులో పైకీ కిందికీ తిప్పాల్సొచ్చింది. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "మేడమ్, అది కూడా త్రీస్టారే, టెన్షన్ పడకండి" అన్నాడు.

ఇంకో మోసం చూడండి. ప్లాన్‌లో ఇరవికుళం నేషనల్ పార్క్ రాశారు, టికెట్లు కూడా ప్యాకేజీలోనే అన్నారు. అక్కడి నీలగిరి తార్‌లు, అంటే కొండమేకలు, పిల్లల్ని పెట్టే కాలమని ఏటా దాదాపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ పార్కుని మూసేస్తారు. రోజూ కేరళ ప్యాకేజీలు అమ్ముకునేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను. దానికి బదులు మమ్మల్ని ఒక స్పైస్ గార్డెన్‌కి తీసుకెళ్లారు, అక్కడ టికెట్ మేమే కొన్నాం, బయటికొచ్చే దారి మొత్తం మసాలాలు, చాక్లెట్ల కొట్టు. అలాగే ఫోర్ట్ కొచ్చి వైపు శుక్రవారం తిప్పుతామని రాశారు, కానీ అటువైపు చూడాల్సిన మట్టాంచేరి ప్యాలెస్‌కి శుక్రవారమే సెలవు.

అన్నిటికన్నా ఎక్కువ బాధపడింది అలెప్పీ హౌస్‌బోట్ దగ్గర, ఎందుకంటే అత్తయ్య ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్న ప్రయాణం అది. ఏసీ ప్రైవేట్ బోట్ అని చెప్పి డబ్బు తీసుకున్నారు. వెళ్లాక చూస్తే పక్క గదిలో వేరే కుటుంబం ఉంది. మధ్యాహ్నం ఎండకి గదిలో ఉక్కపోత, ఏసీ స్విచ్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. బోట్ అబ్బాయిని అడిగితే ఏసీ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకానే అన్నాడు. డీలక్స్ అని అమ్మే బోట్లలో మామూలుగా ఇంతేనట, పగలంతా ఏసీ కావాలంటే ప్రీమియం తీసుకోవాలి, కానీ ఆ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఐదున్నరకల్లా బోట్లన్నీ ఆపేస్తారు, రాత్రి జాలరులు వలలు వేసుకుంటారు కాబట్టి అది న్యాయమే. మాది మాత్రం ఆలస్యంగా బయల్దేరి, వేంబనాడ్ సరస్సు అంచుదాకా వెళ్లీ వెళ్లకుండానే వెనక్కి తిరిగి, మూడింటికల్లా గట్టు మీద కొబ్బరిచెట్టుకి తాడు కట్టేసింది. రెండు పక్కలా వేరే బోట్లు, వాటి జనరేటర్ల డీజిల్ పొగంతా మేం అన్నం తినేచోటికే వచ్చింది. అత్తయ్య తినకుండానే లోపలికి వెళ్లి పడుకున్నారు.

లైఫ్ జాకెట్లు అడిగితే మంచం కింద నుంచి తీశారు, అవి కూడా అందరికీ సరిపోలేదు. 2023 మే 7న మలప్పురం జిల్లా తానూర్‌లో చేపల పడవని టూరిస్ట్ బోట్‌గా మార్చి, పొద్దుగూకాక కిక్కిరిసిన జనంతో తిప్పితే అది బోల్తాపడి 22 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. కాబట్టి జాకెట్ల విషయంలో ఎక్కడా మొహమాటపడొద్దు. తలకొకటి కళ్లకి కనపడితేనే బోటెక్కండి.

అసలు కిటుకు మాకు డ్రైవర్ వల్ల తెలిసింది, పాపం మంచివాడు. ఇక్కడ మన దగ్గర డబ్బు తీసుకున్న ఏజెంట్ తన లాభం ఉంచుకుని ట్రిప్ మొత్తాన్ని కొచ్చిలో ఇంకొకరికి అప్పగిస్తాడు, వాళ్లు మిగిలిన డబ్బులో ఏ రూము దొరికితే అది, ఏ బోటు దొరికితే అది ఇస్తారు. ఇక్కడ ఫోన్‌లో చెప్పిన మాటలేవీ అక్కడివాళ్లకి చేరవు.

అందుకే బ్యాలెన్స్ పంపకముందే ప్రతి హోటల్ పేరూ, ఊరూ వాట్సాప్‌లో రాయించుకోండి, హోటల్‌కి మీరే ఫోన్ చేసి మీ పేరు మీద రూము ఉందో లేదో అడగండి. మున్నార్ అంటే మున్నార్ టౌన్ నుంచి ఎన్ని కిలోమీటర్లో మ్యాప్‌లో చూడండి. బోట్ ఎన్నింటికి కదులుతుంది, ఎన్నింటికి ఆగుతుంది, ఏసీ ఏ టైములో, గదులు మనకేనా పంచుకోవాలా, ఇవన్నీ రాతలో ఉండాలి. డబ్బు వ్యక్తిగత యూపీఐకి పంపమంటే ఒప్పుకోవద్దు, కంపెనీ ఖాతాకే వేసి జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు అనగానే మాట మార్చేవాళ్లని అక్కడితో వదిలేయండి.

బ్యాక్‌వాటర్స్ చూడాలంటే హౌస్‌బోట్ ఒక్కటే దారి కాదు. అలెప్పీ నుంచి కొట్టాయం వైపు రాష్ట్ర జలరవాణా శాఖ బోట్లు తిరుగుతాయి, టికెట్ చాలా తక్కువ, ఊళ్ల మధ్య కాలువల్లోంచి వెళ్తాయి. కొచ్చిలో 2023 నుంచి వాటర్ మెట్రో నడుస్తోంది. చివర్లో ప్యాకేజీ కారు వదిలేసి మేం అందులోనే తిరిగాం, ఫోర్ట్ కొచ్చిలో చైనా వలలు లాగడం చూస్తూ మామయ్య చాలాసేపు నిలబడ్డారు. కేరళ నిజంగా బాగుంటుంది, అక్కడివాళ్లూ మంచివాళ్లే. తప్పంతా మధ్యలో అమ్మేవాళ్లది.

ఇప్పటికే మోసపోయినవాళ్లు వోచర్, చాట్‌లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు దాచుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. డబ్బు కట్టాక ఫోన్ ఎత్తడం మానేసి మాయమైతే అది సైబర్ మోసం, వెంటనే 1930కి చెప్పాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు మనం ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా ఉండదు. మేం 1915లో నమోదు చేశాక ఏజెంటే ఫోన్ చేసి, నేను పెట్టిన రివ్యూ తీసేస్తే బోట్ డబ్బులు వెనక్కి ఇస్తానన్నాడు. తీయనని చెప్పాను. మే నెలకి అడ్వాన్స్ కట్టేసినవాళ్లు ఉంటే పేర్లు, నంబర్లు కనపడకుండా వోచర్ ఫొటో నాకు పంపండి, ఏ లైన్ గురించి వాళ్లని నిలదీయాలో చూసి చెప్తాను.