యేసు పరిచర్య కాలక్రమం గోడ చార్టు: పండుగల వరుసకి మంచి మార్కులు, సంవత్సరాలకి కోత

మూడు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి ముద్రణకి, రెండు పండుగల వరుసకి. మిగతా రెండూ యోహాను సువార్త ఐదో అధ్యాయం దగ్గర పోయాయి.

సండే స్కూల్ పెద్ద తరగతి కోసం ఆన్‌లైన్‌లో 650 రూపాయలకి తెప్పించాను. ఐదడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. మడతపెట్టకుండా అట్ట గొట్టంలో చుట్టి పంపారు, అందుకు మెచ్చుకోవాలి. మూలలకి ఇత్తడి రింగులున్నాయి, మేకులకి తగిలిస్తే సరిపోతుంది. కపెర్నహూము, బేతనియ, కయప, పొంతి పిలాతు లాంటి పేర్లన్నీ మన బైబిల్లో ఉన్నట్టే వేశారు కాబట్టి పిల్లలు వచనం వెతుక్కోవడానికి తడుముకోరు.

పైన సంవత్సరాలు, కింద నాలుగు సువార్తలకి, అంటే మత్తయి, మార్కు, లూకా, యోహాను రాసిన యేసు చరిత్రలకి, నాలుగు వరుసలు. మధ్యలో సన్నగా ఋతువుల పట్టీ ఒకటి ఉంది. ఈ చార్టులో తెలివంతా ఆ పట్టీలోనే ఉంది. ఐదువేలమందికి ఆహారం పెట్టిన సంగతి నాలుగు సువార్తల్లోనూ కనిపిస్తుంది. యూదుల వసంతకాలపు పండుగ పస్కా దగ్గరపడిందని యోహాను రాస్తాడు. మార్కు పండుగ ఊసెత్తడు, జనాన్ని పచ్చిక మీద కూర్చోబెట్టారంటాడు, అంతే. గలిలయలో వానలు చలికాలంలో పడతాయి, ఎండలు ముదిరితే గడ్డి మాడిపోతుంది. కాబట్టి పచ్చిక అంటే పస్కా రోజులే. కుర్రవాడి దగ్గరున్నవి యవల రొట్టెలు, యవల కోతా ఆ రోజుల్లోనే మొదలవుతుంది. చార్టులో ఆ నిలువు గడికి ఆకుపచ్చ రంగు వేశారు. ఇంకా ముందు, మార్కు రెండో అధ్యాయంలో శిష్యులు వెన్నులు తుంచుకు తిన్న చోటా అదే ఆకుపచ్చ. అంటే ఒక్క పస్కానే చెప్పే మార్కులో కూడా, వరుస సరైనదైతే, రెండు కోతకాలాలు దాగున్నాయన్నమాట. వ్యవసాయం చేసే ఇళ్ల పిల్లలు దీన్ని నాకంటే ముందే పట్టేశారు.

ఇక స్టార్ల కోత సంగతి. మన ప్రసంగాల్లో మూడున్నరేళ్ల పరిచర్య (యేసు జనంలో తిరిగి బోధించిన కాలం), ముప్పై మూడున్నరేళ్ల జీవితం అని తడుముకోకుండా చెప్పేస్తారు. చార్టు నెత్తి మీద కూడా పెద్ద ఎర్రక్షరాల్లో అదే రాశారు. ఏ సువార్తలోనూ ఆ అంకె లేదు. అది యోహాను పండుగల్ని లెక్కపెడితే వచ్చేది. ఆయన పేరుపెట్టి చెప్పిన పస్కాలు మూడు: రెండో అధ్యాయంలో, ఆరులో, పదకొండు చివర. మొదటి దానికీ మూడో దానికీ మధ్య రెండేళ్లు. బాప్తిస్మం తర్వాతి నెలలు కలిపితే రెండున్నర. మిగతా ఏడాది ఎక్కణ్ణుంచి వచ్చింది? ఐదో అధ్యాయం మొదట్లో యూదుల పండుగ ఒకటి వచ్చిందని ఉంటుంది, ఏ పండుగో చెప్పలేదు. అది కూడా పస్కా అనుకుంటేనే మూడున్నర. చార్టు అక్కడ ‘పస్కా’ అని అచ్చేసి ఊరుకుంది. ఒక ప్రశ్నార్థకం పెడితే ఏం పోయింది? లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి, ఊహని దత్తాంశంగా రాస్తే మార్కులు వేయలేను.

ఆ ఏడాదిని ఇరికించడానికి మొదలు కూడా వెనక్కి జరపాల్సి వచ్చింది. సిలువ తేదీకి ఎక్కువమంది ఒప్పుకునే శుక్రవారాలు రెండు: క్రీ.శ. 30 ఏప్రిల్ 7, 33 ఏప్రిల్ 3. చార్టులో మొదటిదే ఉంది. అక్కణ్ణుంచి మూడున్నరేళ్లు వెనక్కి వెళ్తే 26 చివరికి చేరతాం. కానీ యేసుకంటే ముందు బోధ మొదలుపెట్టిన బాప్తిస్మమిచ్చు యోహానుకి దేవుని వాక్యం వచ్చింది రోమా చక్రవర్తి తిబెరి కైసరు పదిహేనో ఏట అని లూకా. తిబెరికి ముందు చక్రవర్తి ఔగుస్తు చనిపోయింది క్రీ.శ. 14వ సంవత్సరం ఆగస్టులో. మామూలుగా లెక్కిస్తే పదిహేనో ఏడు 28-29. ఔగుస్తు బతికుండగానే తిబెరికి అధికారంలో వాటా దొరికిన కాలం నుంచి లెక్కపెడితే తప్ప 26 రాదు. అలా లెక్కపెట్టే పండితులు ఉన్నారు, తప్పనను. ఆ మాట చార్టు మీద చెప్పాలి కదా.

పోనీ 33 తీసుకుంటే లూకా, మూడున్నరేళ్లు రెండూ కుదురుతాయి. కానీ మొదటి పస్కా 30కి జరుగుతుంది. దేవాలయం కట్టడానికి నలభై ఆరేళ్లు పట్టిందని యూదులు అన్నది ఆ పస్కాలోనే. హేరోదు రాజు ఆ పని మొదలుపెట్టింది క్రీ.పూ. 20-19లో అంటారు. సున్నా సంవత్సరం లేదు కాబట్టి నలభై ఆరేళ్లకి 27 లేదా 28 వస్తుంది, 30 రాదు. చాలని దుప్పటి లెక్క ఇది, తలకి లాగితే కాళ్లు బయటపడతాయి. పిల్లలకి నేను చూపించాలనుకున్నది ఈ లాగులాటనే, చార్టేమో దుప్పటి సరిపోయిందని చెప్తోంది.

విచిత్రమేంటంటే, తయారుచేసినవాళ్లకి ఇదంతా తెలుసు. గొట్టంలో ఎనిమిది పేజీల చిన్న పుస్తకం కూడా పెట్టారు, చీమ తలకాయంత అక్షరాలతో. తొలి క్రైస్తవ సంఘంలోనే పరిచర్య ఎన్నేళ్లన్న విషయంలో ఏకాభిప్రాయం లేదని అందులో ఉంది. ‘ప్రభువు హితవత్సరం’ అన్న యెషయా ప్రవక్త మాటని పట్టుకుని తొలినాటి పండితుడు అలెగ్జాండ్రియా క్లెమెంటు ఒక్క ఏడాదే అన్నాడు. సంఘం తప్పుబట్టిన బోధకుడు వాలెంటినస్ అనుచరులదీ ఒక్క ఏడాదే. వాళ్లని ఖండిస్తూ బిషప్ ఐరేనియస్ యోహాను పస్కాల్ని లెక్కపెట్టాడు. అక్కడితో ఆగకుండా, ‘నీకింకా యాభై ఏళ్లు లేవు’ అని యూదులు యేసుతో అన్న మాటని బట్టి ప్రభువు యాభైకి దగ్గరపడేదాకా బోధించాడనే వరకూ వెళ్లాడు! సంఘ చరిత్రకారుడు యూసేబియస్, యూదు చరిత్రకారుడు యోసేపస్ రాసిన ప్రధానయాజకుల జాబితా తీసుకుని, అన్న అనే పేరుగల యాజకుడు మొదలు కయప దాకా లెక్కకట్టి, పరిచర్యకి నాలుగేళ్లు నిండలేదన్నాడు. మిగతా ముగ్గురు సువార్తికులు రాసింది బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాల పాలైన తర్వాతి ఏడాది సంగతులేనని కూడా ఆయనే సర్దిచెప్పాడు. మార్కు సరిగ్గానే రాశాడు గానీ వరుసలో రాయలేదన్న తొలినాటి బిషప్ పాపియస్ మాటని మనకి అందించిందీ ఆయనే. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని చార్టు అడుగున ఒక్క గీత గియ్యలేదు.

దేవాలయంలో వ్యాపారుల్ని వెళ్లగొట్టిన సంగతి రెండుసార్లు వేశారు, యోహాను ప్రకారం మొదట్లో, మిగతా ముగ్గురి ప్రకారం చివరి వారంలో. ఒకే సంఘటనేమో అన్న సూచన లేదు. మట్టలాదివారం నుంచి సమాధి దాకా ఉన్న వారం మాత్రం రోజువారీగా చక్కగా ఉంది, ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాల్లో పనికొస్తుంది.

పదేళ్లలోపు పిల్లల తరగతికి ఇది వద్దు, అక్షరాలు చిన్నవి. పెద్ద తరగతికైతే కొనండి, ఐదో అధ్యాయం గడిలో పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకోండి. ఫ్లెక్స్ రకం కాకుండా గుడ్డ మీద ముద్రించింది కూడా అమ్ముతున్నారు, ధర కాస్త ఎక్కువ. అదే తీసుకోండి. ఫ్లెక్స్ మీద ట్యూబ్‌లైటు వెలుగు పడి వెనక బెంచీవాళ్లకి సరిగ్గా 30వ సంవత్సరం దగ్గరే ఏమీ కనిపించడం లేదు.