విటమిన్ డి: రోజూ చిన్న మాత్రా, అప్పుడప్పుడూ పెద్ద డోసా?

ఇంట్లో ఎవరికైనా రుమటాయిడ్ ఆర్థరైటిసో, సోరియాసిసో ఉన్నవాళ్లు పదే పదే అడిగేది ఇదే: "డి తక్కువుందన్నారు. రోజూ రెండు వేల యూనిట్లు వేసుకోవాలా, నెలకోసారి అరవై వేలా?" ఎముకల సంగతి పక్కనపెట్టి ఆటోఇమ్యూన్ జబ్బుల (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే ఇలాంటి జబ్బుల) వరకే చూస్తే, నేను రోజువారీ మాత్రకే ఓటేస్తాను.

అమెరికాలో జరిగిన 'వైటల్' ట్రయల్‌లో 25,871 మంది ఉన్నారు, అందరూ యాభై పైబడినవాళ్లే. సగం మందికి ఐదేళ్లకు పైగా రోజూ 2,000 యూనిట్ల డి3 (విటమిన్ డిలో ఒక రకం), మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర. 2022లో లెక్క తేలింది: కొత్తగా ఆటోఇమ్యూన్ జబ్బు నిర్ధారణ అయినవాళ్లు డి వేసుకున్నవారిలో 123 మంది, వేసుకోనివారిలో 155 మంది. వేలమందిలో ఇది చిన్న తేడాయే. మాత్రలు ఆపాక ఇంకో రెండేళ్లు గమనిస్తే ఆ మేలు నిలవలేదు. నా దృష్టిలో అసలు విషయం ఇదే. డి అందుతున్నంత కాలమే పనిచేస్తోంది.

మింగిన డి3 రక్తంలో ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు తగ్గిపోతుంది. లివర్ దాన్ని మార్చి తయారుచేసే రూపం వారాలపాటు ఉంటుంది, ల్యాబ్ కొలిచేది దాన్నే. అందుకే రెండు పద్ధతుల్లోనూ రిపోర్టులో అంకె ఒకేలా రావచ్చు. కానీ పెద్ద డోసు పడితే డిని విరిచేసే ఎంజైమ్ కూడా పెరుగుతుంది. ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చిన ఒక ట్రయల్‌లో వృద్ధ మహిళలు పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి.

అలాగని పెద్ద డోసును కొట్టిపారేయలేం. మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే ఆటోఇమ్యూన్ జబ్బు) తొలి లక్షణాలు కనిపించినవాళ్లకు రెండు వారాలకోసారి లక్ష యూనిట్లు ఇస్తే జబ్బు జోరు తగ్గిందని 2025లో ఫ్రాన్స్ ట్రయల్ చూపింది. అది డాక్టర్ల కనుసన్నల్లో జరిగింది, సొంతంగా చేసేది కాదు. డి మరీ అడుగంటితే డాక్టర్ కొన్ని వారాలు పెద్ద డోసు రాయడమూ సబబే.

ఎండ మంచిదే కానీ లూపస్ (చర్మం, కీళ్లు, కిడ్నీలను దెబ్బతీసే ఆటోఇమ్యూన్ జబ్బు) ఉన్నవాళ్లకు కాదు, జబ్బు తిరగబెడుతుంది. చేపలు, గుడ్లు తినండి. లోటు మాత్రం వాటితోనే తీరదు.

ఏది వేసుకున్నా అసలు జబ్బు మందులు ఆపకండి. విపరీతమైన దాహం, మలబద్ధకం, వాంతులు మొదలైతే, డి ఎక్కువై రక్తంలో కాల్షియం పెరిగిందేమో, కాల్షియం పరీక్ష చేయించండి. సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి అవయవాల్లో చిన్న చిన్న వాపు గడ్డలు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఈ చిన్న మాత్ర కూడా ముట్టుకోవద్దు.